పిల్లల హుండీ – పార్టీ చందా
(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాకు అప్పగించిన విషయం చూడడానికి చిన్నది. ఎన్నికల ప్రచారం చేసే పార్టీలు, అభ్యర్థులు మైనరు పిల్లల దగ్గర చందా పుచ్చుకోవచ్చునా, కూడదా? "వక్ఫు భూముల సంగతి ఉంది, స్కాలర్‌షిప్పుల సంగతి ఉంది, అవన్నీ పక్కన బెట్టి పిల్లల పది రూపాయల మీద ప్రసంగమా?" అని కార్యవర్గంలోనే ఒకరిద్దరు పెద్దలు అన్నారు. వారి మాట కొట్టివేయదగినది కాదు. అయితే 2024 ఎన్నికల తరువాత మన సంఘం పెద్దల దగ్గరకు పంచాయితీకి వచ్చిన తగాదాలలో రెండు ఈ పది రూపాయల నుండి పుట్టినవే. అందుచేత మాట్లాడక తప్పలేదు.

మొదటి తగాదా సంగతి పేర్లు లేకుండా మనవి చేస్తాము. పేరు అడగవద్దు, పార్టీ అంతకన్నా అడగవద్దు. ఆ ఏడు రంజాన్ పండుగ ఏప్రిల్ 11న వచ్చింది, పోలింగు మే 13న. మధ్యలో నెల రోజులు. పిల్లల చేతుల్లో ఈదీ డబ్బులు ఇంకా ఖర్చు కాలేదు. ఒక వార్డులోకి ప్రచార బండి వచ్చింది. బండి ముందు తాళం వేసిన డబ్బా ఒకటి కట్టి, "పెద్దలు, పిల్లలు ఎవరైనా సరే, తోచినంత వేయండి" అని మైకులో చెప్పినారు. పదకొండేళ్ళ పిల్ల ఒకతె ఇంట్లోకి పరుగెత్తి, తన మట్టి హుండీ పగలగొట్టి, తన ఈదీ మొత్తం తెచ్చి డబ్బాలో వేసింది. బండి మీదున్న మనిషి సంతోషపడి పిల్లను ఎత్తుకొని, మెడలో కండువా వేసి, ఫోటో తీయించినాడు. సాయంకాలానికి ఆ ఫోటో ఊరందరి ఫోన్లలో ఉంది.

పిల్ల తండ్రిది అద్దె అంగడి. అంగడి యజమాని ఎదుటి పార్టీ వాడు. "నీ ఓటు నాకు అక్కరలేదు సాబ్, నా అంగడి నాకియ్యి" అన్నాడట. తండ్రి ఆ రోజువరకు ఏ పార్టీ అని నోరు విప్పినవాడు కాదు. పిల్లనడిగితే, "అబ్బా, పిల్లోళ్ళు గూడా ఇయ్యొచ్చు అని మైకులో అనిరి గదా!" అంది. ఆ మాటకు జవాబు చెప్పడం తండ్రికి చేతకాలేదు, పంచాయితీకి కూర్చున్న పెద్దలకూ చేతకాలేదు. అంగడి సంగతి చివరకు సర్దుబాటయింది. రెండో తగాదా ఇంత దూరం పోలేదు. ట్యూషను చెప్పే ఒకాయన తన అభిమాన నాయకుని కోసం పిల్లల దగ్గర తలా పది రూపాయలు వసూలు చేసినాడు, తల్లిదండ్రులు గొడవ పెట్టుకున్నారు, డబ్బు తిరిగి ఇచ్చినారు. అంతే.

ఇక చట్టం ఏమంటున్నదో చూద్దాం. 1951 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టంలో 29బి అనే సెక్షను ఉంది. రాజకీయ పార్టీ ఏ వ్యక్తి దగ్గరనుండి గాని, ప్రభుత్వానిది కాని ఏ కంపెనీ నుండి గాని స్వచ్ఛందంగా ఇచ్చిన విరాళం తీసుకోవచ్చునని అది చెబుతుంది. విదేశీ సొమ్ము కూడదంటుంది. వ్యక్తికి ఇన్నేళ్ళు నిండి ఉండాలన్న మాట అందులో లేదు. ఇరవై వేలు మించిన విరాళాలకు పార్టీ పేర్లతో సహా ఎన్నికల సంఘానికి లెక్క చెప్పాలి. 2017 నుండి రెండు వేలకు మించి నగదుగా తీసుకుంటే పార్టీకి ఆదాయపు పన్ను మినహాయింపు దక్కదు. మన పిల్ల హుండీ ఈ లెక్కలన్నిటికీ కిందనే ఉంటుంది. పేరు రాయనక్కర లేదు, వయసు అడగనక్కర లేదు. వల పెద్ద కళ్ళది. చిన్న చేపలు దానికి అంటవు.

ఈ వలలో ఇంకొక చిల్లు ఉంది. ఇరవై వేలు దాటితే పేరు చెప్పాలి గనక, పెద్ద మొత్తం ఇచ్చేవాడు భార్య పేరున కొంత, కొడుకు పేరున కొంత, ఉయ్యాలలో ఉన్న మనుమరాలి పేరున కొంత ముక్కలు చేసి ఇవ్వాలనుకుంటే వయసు అడిగేవారు లేరు. ఎలక్టోరల్ బాండ్ల పథకాన్ని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టివేసినప్పుడు, పార్టీలకు డబ్బు ఎక్కడి నుండి వస్తున్నదో తెలుసుకొనే హక్కు ఓటరుకు ఉందని చెప్పింది. పసిపిల్లల పేరున వచ్చిన డబ్బు చూసి ఓటరు ఏమి తెలుసుకోగలడు, చెప్పండి!

కాని చట్టమంటే ఆ ఒక్క పుస్తకమే కాదు గదా. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనరు చేసిన ఒప్పందం చెల్లదు. మొహొరీ బీబీ కేసులో 1903లో ప్రీవీ కౌన్సిలు ఆ సంగతి తేల్చి చెప్పింది. ఇప్పటికీ లా చదివే ప్రతి పిల్లవాడూ ఆ కేసుతోనే మొదలుపెడతాడు. ఆస్తి బదిలీ చట్టం చూడండి. మైనరు దానం పుచ్చుకోవచ్చును. తన సొత్తు దానం ఇవ్వడానికి మాత్రం అర్హత లేదు.

మన షరీఅతులోనూ ఇదే మాట. ఇంకా వివరంగా ఉంది. హిబా, అంటే దానం, చెల్లాలంటే ఇచ్చేవాడు తెలివిగలవాడు, బాలిగ్ అయి ఉండాలి. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ ఫిఖహ్‌లో, కొంచెం తెలివి వచ్చిన పిల్లవాడు చేసే పనులను మూడు రకాలుగా విడదీసినారు. వాడికి లాభమే తప్ప నష్టం లేని పని, ఉదాహరణకు ఎవరైనా ఇచ్చిన కానుక పుచ్చుకోవడం, వాడే చేయవచ్చును. లాభమో నష్టమో రెండూ ఉండదగిన పని, అమ్మకం కొనుగోలు వంటిది, వలీ ఒప్పుకుంటే చెల్లుతుంది. ఇక నష్టమే తప్ప లాభం లేని పని, తన సొమ్ము ఊరికే ఇచ్చివేయడం వంటిది, వలీ ఒప్పుకున్నా చెల్లదు. ఒప్పుకున్నా చెల్లదు అన్నది గమనించండి. "తండ్రి పక్కనే ఉన్నాడు, సరేనన్నాడు" అన్న సాకు అక్కడ పనికిరాదు. పిల్లవాడి సొమ్ము తండ్రి చేతిలో అమానతు. తండ్రిదే కాదు, ఇంకొకరికి ధారపోయడానికి.

అంతెందుకు, అదే హనఫీ మార్గంలో నాబాలిగ్ సొమ్ము మీద జకాత్ కూడా విధి కాదు. ఫిత్రా అయితే చిన్నపిల్లల తరపున తండ్రి ఇస్తాడు. అల్లా కోసం ఇచ్చే జకాతే పిల్లవాడి మీద మోపలేదు. ఎం.ఎల్.ఎ. కోసం ఇచ్చేది ఎట్లా మోపుతాము?

"మరి జుమా నాడు పిల్లలు మసీదు డబ్బాలో రూపాయి వేస్తారు గదా, అదీ తప్పేనా?" అని వెనుక వరుసలో ఒక చాచా మమ్మల్ని అప్పుడే అడగబోతున్నారు, వారి మొహం చూస్తే తెలుస్తున్నది. తండ్రి తన జేబులోని రూపాయి తీసి, "వేయి బేటా" అని చేతిలో పెడితే అది తండ్రి రూపాయి. పిల్లవాడిది చెయ్యి మాత్రమే. వాడికి అలవాటు నేర్పడం. అందులో చిక్కు లేదు. చిక్కంతా వాడి స్వంత సొమ్ము దగ్గర వస్తుంది.

ఆశ్చర్యమేమిటంటే, అమెరికాలోనూ లెక్క చివరకు ఈ రూపాయి దగ్గరకే వచ్చింది. అక్కడ ఒక మనిషి ఒక అభ్యర్థికి ఇంతకు మించి ఇవ్వరాదన్న పరిమితి ఉంది. దాన్ని తప్పించుకోవడానికి తల్లిదండ్రులు పిల్లల పేరున ఇస్తున్నారన్న అనుమానం మీద 2002లో వారి పార్లమెంటు చట్టం చేసింది. పదిహేడేళ్ళు, అంతకు లోపు వారు చందా ఇవ్వరాదన్నది. మరుసటి ఏడే, 2003 డిసెంబరులో, వారి సుప్రీంకోర్టు ఆ సెక్షను కొట్టివేసింది. పిల్లలకూ తమ అభిప్రాయం చెప్పుకొనే హక్కు ఉంది, తల్లిదండ్రుల మోసానికి రుజువులు బలంగా లేవు, ఆ మోసాన్ని ఆపడానికి వేరే మార్గాలున్నాయి అన్నది. అటు తరువాత వారి ఎన్నికల కమిషను పెట్టిన నిబంధన ఏమంటే, ఇవ్వాలన్న నిర్ణయం పిల్లవాడిదే కావాలి, తెలిసి, ఇష్టపడి చేసినది కావాలి. డబ్బు వాడిదే కావాలి. చందా ఇవ్వమని ఎవరో ఇచ్చిన డబ్బు కాకూడదు. బ్రిటనులో ఇంకొక దారి. అయిదు వందల పౌండ్లు మించి పార్టీకి ఇవ్వాలంటే ఓటర్ల జాబితాలో పేరు ఉండాలి. ఓటుకూ చందాకూ ముడి వేసినారు. ఇది మాకు నచ్చింది.

ఇప్పుడు అసలు చిక్కయిన ప్రశ్నకు వస్తాము. మన యువకులలో చదువుకున్నవారు, "స్వాతంత్ర్య పోరాటంలో పిల్లలు నగలు ఊడదీసి ఇవ్వలేదా? దుర్గాబాయి సంగతి ఏమంటారు?" అని అడిగినారు. మంచి ప్రశ్న. తప్పించుకోరాదు.

1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశం తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు వసూలు చేయాలని తీర్మానించింది. ఆ వెంటనే ఏప్రిల్‌లో గాంధీగారు కాకినాడ వచ్చినారు. దుర్గాబాయికి అప్పటికి పన్నెండేళ్ళు ఇంకా నిండలేదు. దేవదాసీ స్త్రీలు, బురఖా వేసుకొనే మన ముస్లిం స్త్రీలు గాంధీగారి మాట వినాలని ఆ పిల్ల పట్టుదల. అయిదు వేల రూపాయలు సమకూరిస్తే అయిదు నిముషాలు ఇస్తామన్నారు నిర్వాహకులు. పిల్ల గదా, ఎక్కడ తెస్తుందిలే అనుకొని ఉంటారు. ఆమె తెచ్చింది. అయిదు నిముషాలనుకున్న సభ అరగంట దాటింది. స్త్రీలు ఒంటిమీది నగలు తీసి ఇచ్చినారు, మొత్తం పాతిక వేలదాకా పోగయిందని చెబుతారు. ఆ పిల్లే తరువాత దుర్గాబాయి దేశ్‌ముఖ్ అయి రాజ్యాంగ సభలో కూర్చున్నది, ఆంధ్ర మహిళా సభ స్థాపించింది. 1923లో మౌలానా మొహమ్మద్ అలీ గారి అధ్యక్షతన కాకినాడలోనే కాంగ్రెసు జరిగినప్పుడు ఖద్దరు ప్రదర్శన దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూగారినే ఆపింది. ఇటువంటి పిల్లను చూసి, "నీకు వయసు లేదు, ఇంటికి పో" అనడానికి ఎవరికి నోరు వస్తుంది? మాకు రాదు.

అయితే రెండు తేడాలున్నాయి. అది ఏ అభ్యర్థి గెలుపు కోసమూ కాదు. ఒక వీధివాడు గెలిచి పక్క వీధివాడు ఓడే వ్యవహారం కాదు. ఆ సభకు డబ్బిచ్చిన ఇంటిని మరునాడు పక్కింటివాడు పగబట్టలేదు. పగబడితే తెల్లదొర పట్టాలి. రెండోది, పుచ్చుకున్న మనిషి. 1934 జనవరిలో మలబారులోని వడగరలో కౌముది అనే పదహారేళ్ళ అమ్మాయి తన నగలన్నీ హరిజన నిధికి ఇచ్చివేసింది. గాంధీగారు వెంటనే చప్పట్లు కొట్టించి పంపలేదు. తల్లిదండ్రులకు తెలుసునా అని విచారించినారు. మళ్ళీ నగలు చేయించమని వాళ్ళను అడగవు గదా అని ఆ అమ్మాయినే అడిగినారు. తీసుకొనేవాడికి ఆ మాత్రం భయం ఉండాలి. ఎండలో తిరిగే ప్రచార బండి మీద కూర్చున్నవాడికి ఆ విచారణ చేసే తీరిక ఎక్కడిది?

ఈ కాలపు సంగతి కూడా ఒకటి చెప్పాలి. 2022 అక్టోబరులో రాహుల్ గాంధీ గారి పాదయాత్ర మన ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం మీదుగానే పోయింది. మనలో చాలామంది చూడడానికి వెళ్ళినారు. ఆ యాత్ర మధ్యప్రదేశ్ చేరాక పిల్లలు తమ హుండీని ఆయన చేతికి ఇచ్చిన ఫోటో పత్రికల్లో వచ్చింది. వేరే పార్టీలవారి సభల్లోనూ ఇటువంటివి జరుగుతూనే ఉంటాయి, ఒకరిని అనడానికి లేదు. హుండీలో ఎంత ఉంటుంది? డీజిలుకు కూడా రాదు. పార్టీకి కావలసింది ఆ డబ్బు కాదు, ఆ ఫోటో. పసిపిల్ల మొహం ముందు ఎదుటివాడి విమర్శ నిలవదని వాళ్ళకు తెలుసు. అందుకే 2024 ఫిబ్రవరి 5న ఎన్నికల సంఘం గట్టి ఉత్తర్వు ఇచ్చింది. పిల్లలను ప్రచారంలో ఏ విధంగానూ వాడరాదు, ఎత్తుకొని తిరగరాదు, బండిలో ఎక్కించరాదు, నినాదాలు చేయించరాదు, కరపత్రాలు పంచించరాదు అన్నది. తల్లిదండ్రులతోపాటు సభకు వచ్చిన పిల్లవాడు ఊరికే పక్కన నిలబడితే తప్పు లేదన్నది. డబ్బా ముందు పిల్లను ఎత్తుకొని ఫోటో తీయించినవాడు ఈ ఉత్తర్వుకు అడ్డంగా పోయినాడని మా అభిప్రాయం. జెండా పట్టించడం తప్పయినప్పుడు హుండీ పట్టించడం ఒప్పు ఎట్లా అవుతుంది?

ఇప్పుడు మాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించిన మాట. ఓటు రహస్యం. పోలింగు బూతులో అట్ట అడ్డంపెట్టి ఓటు వేయిస్తారు. ఎందుకని? మన ప్రాంతం వంటి ప్రాంతాల కోసమే. ఇల్లు, అంగడి, కూలి, పింఛను, రేషను కార్డు అన్నీ ఎవరో ఒకరి మాట మీద నడిచేచోట, బీదవాడికి ఆ అట్ట ఒక్కటే గోడ. తండ్రి ఇరవై ఏళ్ళు జాగ్రత్తగా కాపాడుకున్న ఆ గోడను బిడ్డ ఒక్క నిముషంలో, ప్రేమతో, ఏమీ తెలియక పడగొడుతుంది. చందా బహిరంగం. "ఫలానా సాబ్ బిడ్డ ఫలానా పార్టీకి ఇచ్చింది" అంటే ఇల్లు మొత్తానికి రంగు వేసినట్టే. పెద్దవాడు చందా ఇస్తే దాని వెనుక ఏముందో తెలిసి ఇస్తాడు, వచ్చింది భరిస్తాడు. పిల్లకు ఆ లెక్క తెలియదు. తెలియాలని మనం కోరుకోము కూడా. పదకొండేళ్ళకే ఏ అంగడి ఎవరిదో, ఎవరికి ఎవరితో పడదో తెలిసిన పిల్ల పిల్ల కాదు.

దసరా నాటి రాత్రి దేవరగట్టు కొండ మీద మాళ మల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవం మీకు తెలియనిది కాదు. నెరణికి, కొత్తపేట వాళ్ళొకవైపు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళొకవైపు కర్రలు పట్టుకొని వస్తారు. అది వారి భక్తి, వారి ఆచారం, దాని మీద వ్యాఖ్యానం మా పని కాదు. కాని ఆ పల్లెల్లో మనకు హిందూ మిత్రులున్నారు, పీర్ల పండుగకు వాళ్ళు వస్తారు, వాళ్ళ పండుగలకు మనం పోతాము. వాళ్ళే చెబుతారు, ఆ రాత్రి చిన్నపిల్లవాడు గుంపులోకి దూరబోతే ఇంటి పెద్ద చెయ్యిపట్టి వెనక్కి లాగుతాడని. కర్ర ఎవరిమీద పడుతుందో కర్రకు తెలియదు. ఎన్నికల గుంపు కూడా అటువంటిదే, దెబ్బ కనబడదు, అంతే తేడా.

చందా అన్న మాట మనకు కొత్త కాదు. పల్లెల్లో పీర్ల పండుగకు, వినాయక చవితికి పిల్లలు బాటకు తాడు అడ్డంకట్టి చందా అడుగుతారు. లారీ డ్రైవర్లు నవ్వుతూ ఇచ్చి పోతారు. పల్లె చందా పద్ధతి చూసినారా? అడగడానికి పిల్లలు తిరుగుతారు, ఇవ్వవలసింది ఇంటి లెక్కన ఇంటి పెద్ద. పిల్లవాడిని "నీ వంతు ఎంత" అని ఏ ఊరివాళ్ళూ అడగరు. చదువురాని మన తాతలకు తెలిసిన మర్యాద ఇది.

"పదిహేడేళ్ళవాడు సంపాదిస్తుంటే వాడి సొమ్ము వాడిది కాదా?" అని ఒక ప్రశ్న వచ్చింది. సంపాదించే పిల్లలు మనకు కొదవ లేదు, అదే మన దుఃఖం. వానలు లేని ఏడు కోసిగి, కౌతాళం, హొళగుంద వైపు పల్లెలు తాళాలు వేసి గుంటూరు మిరప తోటలకు వలసపోతాయి. బడి పిల్లలు కూడా తల్లిదండ్రుల వెంట పోతారు. పత్తి తీసే చేతులు ఎంత చిన్నవో ఆదోని మార్కెట్టుకు వచ్చిన బోరాలు చెప్పవు. ఆ పిల్లవాడు కష్టపడి తెచ్చిన కూలిలో పది రూపాయలు ప్రచార డబ్బాలో వేస్తే, పుచ్చుకొనే నాయకుడు, "నువ్వు బడిలో ఎందుకు లేవు?" అని అడగాలి ముందు. అది అడగకుండా డబ్బా మూత తెరిచేవాడికి ఆ పది రూపాయలు హక్కుగా రావు. పైగా ఆ పిల్లవాడికి ఓటు లేదు. 1989 నుండి పద్దెనిమిదేళ్ళకే ఓటు వచ్చింది, ఇంకొక ఏడాది ఆగితే వాడు ఓటూ వేస్తాడు, చందా ఇస్తాడు, కావాలంటే పార్టీలోనే చేరుతాడు. ఏడాదిలో ఏ పార్టీ మునిగిపోదు.

అంటే పిల్లలకు రాజకీయం వద్దని మేము అనడం లేదు. పత్రిక చదవనీయండి. సభకు మీతో తీసుకుపోండి. ఇంట్లో మీతో వాదిస్తే వాదించనీయండి, "నోరు మూసుకో" అనవద్దు. దుర్గాబాయి వంటి పిల్ల మన వీధిలో కూడా ఉండవచ్చును, మన తొందరలో ఆమెను చూడక పోగొట్టుకోగూడదు. వరదలొస్తే బియ్యం పోగుచేయడానికి, జ్వరపడ్డవాడికి మందులు తేవడానికి పిల్లలను ముందు నిలబెట్టండి. అభ్యర్థి డబ్బా ఒక్కటి వద్దు.

ఇందుకోసం కార్యవర్గం ముందు మేము ఉంచిన ప్రతిపాదన క్లుప్తంగా మనవి చేస్తాము. మన ట్యూషను కేంద్రంలో గాని, సంఘం నడిపే ఏ స్థలంలో గాని ఏ పార్టీకీ పిల్లల నుండి వసూళ్ళు జరగరాదు. ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరులోని అన్ని పార్టీల కార్యాలయాలకు ఒకే ఉత్తరం పోవాలి, ఒక్క అక్షరం తేడా లేకుండా. పద్దెనిమిది నిండనివారి దగ్గర చందా తీసుకోవద్దని, మైకులో "పిల్లలు కూడా" అనవద్దని, ఎవరైనా పిల్ల తెచ్చి ఇస్తే ఇంటికి తిరిగి పంపమని అందులో కోరుతాము. చట్టం చేయించడం మన చేతిలో లేదు. అడగడం ఉంది.

ఉత్తరం ముసాయిదా తెలుగులోను, ఉర్దూలోను కార్యదర్శిగారి దగ్గర ఉంది. భోజనాల తరువాత చదివి వినిపిస్తారు. సభ్యులు మార్పులు చెప్పవచ్చును. తల్లుల వైపు కూడా ఒక ప్రతి పంపుతున్నాము, చదివి అభిప్రాయం రాయవలసిందిగా కోరుతున్నాము. పిల్లలు ఎవరైనా తమ మాట కూడా చెప్పాలనుకుంటే వారికోసం వేరే కాగితం పెట్టినాము, పేరు రాయనక్కర లేదు.